300 పెట్టినా మసకే ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే బాధ. తెర మీద కళకళలాడిన ఫోటో కాగితం మీదికి వచ్చేసరికి వెలవెలబోతోందని. అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు పక్కన పెట్టి, రిజల్యూషన్, ప్రింటు సైజుల సంగతే తీసుకున్నాను. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మా కలర్ ల్యాబు కౌంటర్‌లో రోజూ జరిగే వాదన కూడా ఇదే. జవాబులు ఎక్కడైనా కాస్త ఘాటుగా అనిపిస్తే ఆ అలవాటే కారణం.

ప్రశ్న: అక్కా, మా అమ్మానాన్నల పెళ్ళిరోజుకు 12×18 ఫ్రేము కట్టించాలనుకున్నాను. మా బావ వాట్సాప్‌లో పంపిన ఫోటోను ఫోటోషాప్‌లో తెరిస్తే రిజల్యూషన్ 72 అని ఉంది. ప్రింటుకు 300 ఉండాలని విన్నాను కాబట్టి 72 తీసేసి 300 కొట్టాను. ఫైలు కూడా బాగా పెద్దదయింది. అయినా ల్యాబు వాళ్ళు చూసి ‘రిజల్యూషన్ లేదు’ అన్నారు. పట్టుబట్టి వేయిస్తే ముఖాలు మసకగా, ఉట్టి నునుపుగా వచ్చాయి. 300 ఉన్నా రిజల్యూషన్ లేదంటే అర్థమేమిటి? ఫోనులో అంత బాగుంది కదా!
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తమ్ముడూ, ల్యాబు వాళ్ళు అన్నది నిజం, కానీ సగమే చెప్పారు. మీరు మార్చిన 72కూ ఫోటో నాణ్యతకూ సంబంధమే లేదు. అది ఫైలులో ఒక మూల రాసి ఉంచిన సూచన. ఈ బొమ్మను కాగితం మీద వేస్తే అంగుళానికి ఇన్ని పిక్సెళ్ళ (బొమ్మలోని రంగు చుక్కల) చొప్పున పరచండి అని చెబుతుంది, అంతవరకే దాని పని. ఫోటోలో నిజంగా ఉండేవి పిక్సెళ్ళు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని, ఇదొక్కటే అడగాలి. మీరు జతచేసిన ఫైలు చూశాను. మీ బావ పంపినది అడ్డం 1200, నిలువు 1600. మొత్తం 19 లక్షల 20 వేల పిక్సెళ్ళు. మీ చేతిలో ఉన్న సరుకు అంతే.

మన జిల్లాలో వేరుశనగ విత్తని ఇల్లు తక్కువ కాబట్టి అలాగే చెబుతాను. మీ దగ్గర ఒక బస్తా విత్తనం ఉంది. దాన్ని అర ఎకరంలో వేస్తే మొక్క చిక్కగా వస్తుంది, రెండెకరాలకు సాగదీస్తే పలచబడుతుంది. అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు అనేది ఆ చిక్కదనం. బస్తా పెరగకుండా చిక్కదనం పెరగాలంటే పొలమే చిన్నది కావాలి. మీ 1200 పిక్సెళ్ళను అంగుళానికి 300 చొప్పున పరిస్తే వచ్చే వెడల్పు 4 అంగుళాలు, 1600కు వచ్చే ఎత్తు 5.3 అంగుళాలు. అదే ఫోటోను 18 అంగుళాల ఎత్తుకు లాగితే అంగుళానికి పడేవి 89. ల్యాబు వాళ్ళు చెప్పదలచుకున్నది ఇదే.

మరి మీరు 300 కొట్టగానే ఫైలు ఎందుకు పెరిగింది? ఇమేజ్ సైజ్ విండోలో అడుగున ‘రీశాంపుల్’ అని ఒక చిన్న గడి ఉంటుంది. దాంట్లో టిక్కు ఉండిపోయింది. ఆ టిక్కు ఉంటే, కాగితం సైజు తగ్గకుండానే చిక్కదనం పెంచమని మీరు ఆజ్ఞాపించినట్టు. అప్పుడు ఫోటోషాప్ లేని పిక్సెళ్ళను పుట్టిస్తుంది. 300ను 72తో భాగిస్తే 4.17. కాబట్టి 1200 కాస్తా 5000 అయింది, 1600 కాస్తా 6667. మొత్తం 3 కోట్ల 33 లక్షలు. కెమెరా చూసిన సమాచారం ఇందులో 17 పిక్సెళ్ళకు ఒకటి చొప్పునే ఉంది. మిగిలినవన్నీ చుట్టుపక్కల రంగులను చూసి సరాసరి కట్టి నింపినవి. సరాసరి లెక్కలోంచి మీ అమ్మగారి ముక్కుపుడక మెరుపు పుట్టదు, నాన్నగారి మీసంలో తెల్లవెంట్రుక పుట్టదు. నునుపుగా వచ్చిందన్నారే, ఆ నునుపు ఇదే.

ఇక మీదట ఆ విండో తెరవగానే మొదట రీశాంపుల్ టిక్కు తీసేయండి. వెడల్పు, ఎత్తు, రిజల్యూషన్ మూడూ ఒకదానికొకటి ముడిపడతాయి. పిక్సెళ్ళ సంఖ్య మాత్రం కదలదు. ఇప్పుడు అదొక లెక్కల యంత్రం. మీ ఫైలుకే 300 కొడితే 4×5.3 అని చూపిస్తుంది, 200 కొడితే 6×8, 150 కొడితే 8×10.7. వెడల్పు దగ్గర 12 కొడితే రిజల్యూషన్ 100కు పడిపోతుంది. ఏ అంకె కొట్టినా ఫోటోకు నష్టం లేదు, ఎందుకంటే అందులో ఏదీ మారడం లేదు. ఉచితంగా దొరికే జింప్ వాడేవారికి ఈ తికమక తక్కువ. అందులో పిక్సెళ్ళు మార్చడానికి ‘స్కేల్ ఇమేజ్’, ప్రింటు చిక్కదనం మార్చడానికి ‘ప్రింట్ సైజ్’ అని రెండు వేర్వేరు ఆజ్ఞలున్నాయి. ఫోటోషాప్ ఆ రెండింటినీ ఒకే గదిలో పెట్టి మధ్యలో ఒక టిక్కునే తలుపుగా పెట్టింది. ఆ తలుపు మామూలుగా తెరిచే ఉంటుంది, తంటా అంతా అక్కడే.

ఈ 72 ఎక్కడిదని చాలామంది అడుగుతుంటారు. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటాష్ తెర మీద అంగుళానికి 72 పిక్సెళ్ళుండేవి. అచ్చుపనిలో అక్షరాల ఎత్తు కొలిచే పాయింటు కూడా అంగుళంలో 72వ వంతు. తెర మీది అక్షరమూ కాగితం మీది అక్షరమూ ఒకే కొలతలో కనబడాలని అలా జత కుదిర్చారు. ఆ తెరలు పోయాయి, అంకె మిగిలిపోయింది. ఫైలులో ఏ సూచనా లేకపోతే ఫోటోషాప్ తనంతట తాను 72 అని రాసుకుంటుంది. అది మీ ఫోటో మీద ఎవరో ఇచ్చిన తీర్పు అనుకుని బెంగపెట్టుకోనక్కరలేదు.

300కు మాత్రం కొంచెం ఆధారం ఉంది. ఫోటోను అడుగు దూరంలో పట్టుకుని చూస్తే, మంచి చూపున్న కన్ను అంగుళానికి సుమారు 286 చుక్కల వరకే విడివిడిగా పోల్చుకోగలదు. దాన్ని గుండుగా 300 చేశారు. దూరం రెండడుగులైతే 143 చాలు. మూడడుగులైతే 95. కాబట్టి ప్రతి ప్రింటుకూ 300 ఉండితీరాలన్న పట్టుదల నాకు లేదు. గోడకు వేలాడదీసే 12×18కి అంగుళానికి 200 ఉంటే సంతోషం, 150 వరకు ఒప్పుకుంటాను. అంటే కనీసం 1800×2700 పిక్సెళ్ళు. ముప్పై మంది నిలబడ్డ గ్రూపు ఫోటో అయితే అంత ఉదారంగా ఉండను. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ తమ ముఖం వెతుక్కుంటూ ఫ్రేముకు ముక్కు ఆనించి మరీ చూస్తారు.

ఫోనులో బాగుందన్నారు. బాగుండక ఏం చేస్తుంది? చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 పిక్సెళ్ళే, మీ ఫోటోలో 1200 ఉన్నాయి. అరచేతిలో పట్టే తెరకు అవి కావలసినదానికన్నా ఎక్కువ. కంప్యూటర్‌లో ఫోటోను 100 శాతం దగ్గర పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. అప్పుడు ఫోటోలోని ఒక పిక్సెల్ తెర మీది ఒక పిక్సెల్‌తో సరిపోతుంది, ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. మా మామగారి డార్క్‌రూమ్ రోజుల్లో ఎవరికీ ఈ పాఠం చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఎన్‌లార్జర్ (నెగటివ్ బొమ్మను కాగితం మీద పెద్దది చేసే యంత్రం) తల పైకి లేపేకొద్దీ బొమ్మ పెద్దదవుతూ, వెలుగు తగ్గుతూ, గింజ (ఫిల్ము మీది సన్నటి రేణువులు) తేలడం కళ్ళ ముందే జరిగేది.

మీ పని చెప్పాలి. బావగారి ఫోనులో అసలు ఫోటో ఇంకా ఉందేమో అడగండి. దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా వద్దు, ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపమనండి, పిక్సెళ్ళు తరగకుండా వస్తుంది. మామూలు 12 మెగాపిక్సెల్ (కోటీ 20 లక్షల పిక్సెళ్ళ) ఫోనైతే 3000×4000 ఉంటుంది. 12×18 ఆకారానికి కత్తిరించాక 2667×4000 మిగులుతుంది, అంగుళానికి 222. నిశ్చింతగా వేయించవచ్చు. అసలు ఫోటో పోయిందంటే, ఉన్నదాన్ని 6×8గా వేయించి, అదే 12×18 ఫ్రేములో చుట్టూ మీగడరంగు మౌంటు బోర్డు పెట్టించండి. పక్కల 3 అంగుళాలు, పైనా కిందా 5 అంగుళాలు వస్తుంది. నన్నడిగితే మసకబారిన పెద్ద ఫోటో కన్నా ఇదే గౌరవంగా ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, మాది పట్టుచీరల దుకాణం. దసరాకు షాపు పైన 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ పెట్టాలి. 24 మెగాపిక్సెల్ కెమెరాతో చీర ఫోటో తీయించాం. డిజైన్ చేసే అబ్బాయి 300 రిజల్యూషన్‌లోనే చేస్తానంటున్నాడు. వాడి కంప్యూటర్ ప్రతిసారీ ఆగిపోతోంది. కొత్త కంప్యూటర్ కొంటే గాని కాదంటున్నాడు.
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: కంప్యూటర్ కొనకండమ్మా. ఆ డబ్బుతో ఇంకో ఫ్లెక్సీ వేయించుకోవచ్చు.

12 అడుగులంటే 144 అంగుళాలు. 300తో గుణిస్తే 43,200. 8 అడుగులకు 28,800. మొత్తం 124 కోట్ల పిక్సెళ్ళు, ఒక్క లేయరుకే (బొమ్మలోని ఒక పొరకే) 3.7 జీబీ. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెళ్ళ దాకానే ఒప్పుకుంటుంది, కాబట్టి ఆ రూపంలో దాచుకోవడానికి కూడా కుదరదు. ఇంతా చేసి మీ కెమెరా ఇచ్చింది 6000×4000. తక్కినదంతా తాడిపత్రి తమ్ముడికి చెప్పిన సరాసరి పిక్సెళ్ళే.

షాపు పైనున్న ఫ్లెక్సీని జనం రోడ్డు అవతలి నుంచి చూస్తారు. 20 అడుగుల దూరం అనుకుంటే కంటికి కావలసింది అంగుళానికి 14 పిక్సెళ్ళు. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. మీ ఫోటోను రీశాంపుల్ చేయకుండా 144 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 41 పైన పడతాయి, అవసరానికి దాదాపు మూడింతలు. ఫోటో ఆకారం కూడా 12కు 8 అన్న నిష్పత్తికి సరిగ్గా సరిపోయింది, కత్తిరించే పని కూడా లేదు. అదే చీర ఫోటోను షాపు లోపల 4×6 అడుగుల ప్యానెల్‌గా పెడితే మాత్రం సంగతి వేరు. దగ్గరికి వచ్చి జరీ అంచు చూస్తారు. అక్కడ అంగుళానికి 80 నుంచి 100 ఉండాలి. 4000 పిక్సెళ్ళు 48 అంగుళాలకు పరిస్తే 83 వస్తాయి, నడుస్తుంది. కొంగు మీది బుటా ఒక్కటే పెద్దదిగా కావాలంటే పెద్ద ఫోటోలోంచి కత్తిరించవద్దు, దాన్ని విడిగా దగ్గరగా తీయించండి.

ఫ్లెక్సీలో చెడేది ఎక్కువగా ఫోటో కాదు, అక్షరాలు. షాపు పేరు, ఫోను నంబరు ఫోటోషాప్‌లో బొమ్మలో కలిపేస్తే అవి కూడా పిక్సెళ్ళయిపోయి అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. వాటిని కోరెల్‌డ్రాలో అక్షరాలుగా వేయమనండి. అక్కడ అక్షరం గీతలతో తయారవుతుంది, ఎంత సాగదీసినా అంచు పదునుగానే ఉంటుంది. ప్రెస్సుకు పంపే ముందు వాటిని కర్వ్స్‌గా (అంటే వట్టి గీతలుగా) మార్చడం మరవకూడదు. మార్చకపోతే మీ అబ్బాయి దగ్గరున్న తెలుగు ఫాంటు ప్రెస్సులో ఉండదు. ‘పట్టుచీరలు’లో ఒత్తు ఎగిరిపోయి ‘పటుచీరలు’ అని 12 అడుగుల బోర్డు ఎక్కుతుంది. మన ఊళ్ళలో అలాంటి బోర్డుల కింద నడవని వాళ్ళెవరు?

ప్రశ్న: అక్కా, బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఫోటో 200×230 పిక్సెళ్ళు, 20 నుంచి 50 కేబీ ఉండాలన్నారు. సాఫ్ట్‌వేర్‌లో 200, 230 కొడితే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఇంకో చోట చేయిస్తే ముఖం వెడల్పుగా వచ్చింది. రిజల్యూషన్ ఎంత పెట్టాలి?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: కంప్యూటర్ తప్పు లేదమ్మా. అంకెల పక్కన కొలత ‘అంగుళాలు’ అని ఉండి ఉంటుంది. మీరు 17 అడుగుల వెడల్పు ఫోటో చేయమన్నారు, అది ప్రయత్నించింది. కొలతను పిక్సెళ్ళకు మార్చి, అప్పుడు కొట్టండి. రిజల్యూషన్ గడిలో 72 ఉన్నా 300 ఉన్నా దరఖాస్తుకు తేడా లేదు. దాన్ని ఎవరూ కాగితం మీద పరచడం లేదు, వాళ్ళు లెక్కపెట్టేది పిక్సెళ్ళనే. ఇక్కడ రీశాంపుల్ టిక్కు ఉండాలి కూడా. ఉన్నవాటిని తగ్గించడంలో పెద్ద నష్టం లేదు, చిక్కంతా లేనివి పుట్టించడంలోనే.

ముఖం వెడల్పు కావడానికి కారణం ఆకారం. పాస్‌పోర్టు ఫోటో 35×45 మిల్లీమీటర్లు. 200×230 అంతకంటే కొంచెం పొట్టి. వెడల్పు, ఎత్తుల మధ్య ఉన్న గొలుసు గుర్తును తెంచి రెండు అంకెలూ బలవంతంగా కొడితే బొమ్మ సాగుతుంది. ముందు క్రాప్ పనిముట్టుతో 200కు 230 నిష్పత్తిలో కత్తిరించి, తర్వాత సైజు తగ్గించండి. కేబీలు జేపెగ్ దాచేటప్పుడు కనిపించే క్వాలిటీ అంకెతో కుదురుతాయి. 50 దాటితే తగ్గించండి, 20కి దిగితే పెంచండి.

ఆ చిన్న ఫైలునే తెచ్చి పాస్‌పోర్టు ప్రింట్లు వేయమనే పిల్లలు పరీక్షల కాలంలో రోజుకొకరైనా వస్తారు. 35 మిల్లీమీటర్ల వెడల్పుకు 300 చొప్పున 413 పిక్సెళ్ళు, ఎత్తుకు 531 కావాలి. మీ చిన్న ఫైలులో అందులో సగం కూడా ఉండవు. అసలు ఫోటోను వేరే పేరుతో దాచుకోండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అవ్వ పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒకే ఒక్క నలుపు తెలుపు పాస్‌పోర్టు ఫోటో. పాత పెన్షను పుస్తకానికి అంటించి ఉంది, మూల మీద ఊదారంగు ఆఫీసు ముద్ర కూడా పడింది. దాన్ని 12×15 చేసి ఇంట్లో పెట్టుకోవాలని మా నాన్న కోరిక. స్కానర్‌లో 9600 డీపీఐ దాకా ఉంది. అంత పెట్టి స్కాన్ చేస్తే సరిపోతుందా? ఫోనులో ఏదో ఏఐ యాప్‌లో పెడితే చాలా స్పష్టంగా వచ్చింది గానీ నాన్న చూసి మౌనంగా తిరిగి ఇచ్చేశారు.
– ఒక పాఠకుడు, రాయదుర్గం

జవాబు: మీ నాన్నగారు మౌనంగా ఎందుకు ఇచ్చేశారో నాకు తెలుసు. ఆ యాప్‌లు ఉన్న ముఖాన్ని శుభ్రం చేయవు. అవి చూసిన లక్షల ముఖాల నుంచి ఇలా ఉండవచ్చునని ఒక ముఖాన్ని గీస్తాయి. కనురెప్పలు పెడతాయి, పళ్ళ వరస సరిచేస్తాయి, నుదుటి గీతలు తుడిచేస్తాయి. బొమ్మ పదునుగానే వస్తుంది, కానీ అందులో ఉన్నది అవ్వ కాదు. కొడుకు కంటికి అది ఒక్క క్షణంలో తెలుస్తుంది. ముఖం తిరగరాసే యాప్‌లతో చేసిన పని మా కౌంటర్‌కు వస్తే ప్రింటు వేసి ఇస్తాను గానీ, ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించారా అని అడగకుండా వేయను. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2021లో తెచ్చిన సూపర్ రిజల్యూషన్ లాంటివి వేరు. అది కూడా అంచనాయే, కానీ వెడల్పు, ఎత్తులను రెండింతలు చేసి ఆగుతుంది, మనిషిని మార్చదు.

ఇక 9600 డీపీఐ మాట. డీపీఐ అంటే అంగుళానికి చుక్కలు. స్కానర్ పెట్టె మీద రాసే పెద్ద అంకెల్లో అద్దం కింది సెన్సర్ నిజంగా చూసేది కొంతే, ఆపైది సాఫ్ట్‌వేర్ నింపేది. ‘ఆప్టికల్’ అని ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. అదీ కాక, 35 మిల్లీమీటర్ల ఫోటోను 9600 దగ్గర స్కాన్ చేస్తే 22 కోట్ల పిక్సెళ్ళ ఫైలు వస్తుంది. అందులో అవ్వ ఉండేది కొంచెమే. మిగిలినదంతా కాగితం పీచు, గింజ, గీతలు, దుమ్ము. కాగితం మీది పాత ప్రింటులో అంగుళానికి 600కు మించి తీసుకోవలసిన వివరం ఉండటం అరుదు. నేను 1200 దగ్గర చేస్తాను. 1654×2126 వస్తుంది. అది కూడా వివరం కోసం కాదు, గీతలు, మచ్చలు తుడవడానికి చేతికి కాస్త చోటు ఉంటుందని.

ఫోటోను పుస్తకం నుంచి ఊడబెరకకండి. పాత జిగురు ముందు ఫోటో చర్మాన్ని లాగుతుంది. పుస్తకంతో సహా అద్దం మీద బోర్లించి స్కాన్ చేయండి. నలుపు తెలుపే కదా అని గ్రే మోడ్ పెట్టకండి, రంగుల్లోనే చేయండి. దీనికి కారణం ఆ ముద్ర. ఫోటోషాప్‌లో చానెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ విడిగా చూడండి. ఊదా సిరా ఆకుపచ్చ చానెల్‌లో నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎరుపులోనో నీలంలోనో బాగా పలచబడుతుంది. ఏది పలచగా ఉంటే ఆ చానెల్‌ను మాత్రం ఉంచుకుని మిగిలిన రెండూ పారేస్తే ముద్ర సగానికి పైగా దానంతటదే పోతుంది. ముఖం మీద బ్రష్ పెట్టే అవసరం అంత తగ్గుతుంది.

12×15 అవుతుందా? చేతిలో పట్టుకుని చూస్తే మెత్తగానే ఉంటుంది, ఆ మాట ముందే నాన్నగారికి చెప్పండి. అయితే పెద్దవాళ్ళ ఫోటోను మనం గుమ్మం పైన, ఎత్తుగా పెడతాం. ఆరడుగుల దూరం నుంచి కంటికి అంగుళానికి 48 పిక్సెళ్ళు చాలు. 600 లెక్కన నమ్మదగిన వివరమే తీసుకున్నా 827 పిక్సెళ్ళ వెడల్పు ఉంది, 12 అంగుళాలకు 69 పడతాయి. కాబట్టి ధైర్యంగా వేయించండి. మెరుపు కాగితం వద్దు, మ్యాట్ అడగండి, మెత్తదనం ఇంకా కలిసిపోతుంది. ఇంకొక్క మాట. ఆ ఫోటో తీసిన స్టూడియో ఏదో పెద్దవాళ్ళకు గుర్తుందేమో అడగండి. పాత స్టూడియోల అటకల మీద నెగటివ్ కవర్లు ఇంకా ఉన్నాయి. నెగటివ్ దొరికితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టవచ్చు. 36 మిల్లీమీటర్ల పొడవుండే నెగటివ్‌ను ఫిల్మ్ స్కానర్‌లో 2400 దగ్గర చేసినా పొడవు వైపు 3400 పిక్సెళ్ళు వస్తాయి, అవి కాగితం పీచు పిక్సెళ్ళు కావు.

ప్రశ్న: నా ఫోను 108 మెగాపిక్సెల్. గండికోటలో పెన్నా లోయ ఫోటో తీశాను. ఫైలు చూస్తే 4000×3000 అంటోంది. మోసపోయానా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: లేదు. ఆ సెన్సర్ తొమ్మిదేసి చిన్న పిక్సెళ్ళను కలిపి ఒక్కటిగా చదువుతుంది, వెలుగు ఎక్కువ పడుతుందని. 108ని 9తో భాగిస్తే 12. కెమెరా సెట్టింగుల్లో 108 విడిగా ఉంటుంది. ఎండ బాగా ఉన్న లోయ లాంటి దృశ్యాలకు అది పెట్టి చూడండి, సాయంత్రం పూట వద్దు. 4000×3000తో 300 దగ్గర 13×10 అంగుళాల ప్రింటు వస్తుంది, ఇంట్లోకి అది చాలు.

ప్రశ్న: మా ప్రింటరు పెట్టె మీద 5760 డీపీఐ అని ఉంది. అయితే ఫోటో కూడా 5760లో చేయాలా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: అక్కరలేదు. అది ప్రింటరు చిమ్మే సిరా బిందువుల లెక్క. దాని దగ్గరున్నవి నాలుగో ఆరో రంగులు. మీ ఫోటోలో ఒక్క పిక్సెల్ గోధుమరంగు చూపాలంటే అనేక బిందువులను పక్కపక్కన చల్లాలి. ఫోటోను 300 దగ్గర ఇస్తే చాలు, చల్లడం అది చూసుకుంటుంది. పత్రికల అచ్చులోనూ ఇలాంటి లెక్కే. మంచి కాగితం మీద అంగుళానికి 150 గీతల తెరతో (ఫోటోను సిరా చుక్కలుగా విడగొట్టే జల్లెడ లాంటిది) వేస్తారు, దానికి రెట్టింపు 300 పిక్సెళ్ళు అడుగుతారు. దినపత్రిక ముతక కాగితానికి తెర 100 లోపే, ఫోటో 200 ఉన్నా సరిపోతుంది.

ప్రశ్న: అక్కా, మా ఇంటి గృహప్రవేశం గ్రూపు ఫోటో పెద్ద కెమెరాతో తీయించి 8×10 వేయించాం. ఫైలులో అందరూ ఉన్నారు, ప్రింటులో చివర నిలబడ్డ మా చిన్నమామ సగమే ఉన్నాడు. ఆయన అలిగాడు. పిక్సెళ్ళు తగ్గితే మనుషులు కూడా తగ్గుతారా?
– ఒక పాఠకురాలు, ఉరవకొండ

జవాబు: చిన్నమామగారిని మింగింది పిక్సెల్ కాదు, నిష్పత్తి. ఆ కెమెరా ఫోటో 6000×4000, అంటే 3కు 2. మీరడిగిన 8×10 కాగితం 5కు 4. ఎత్తు నింపాలంటే వెడల్పులో 5000 పిక్సెళ్ళకే చోటుంటుంది. కుడివైపు 500, ఎడమవైపు 500 కోసేస్తారు. గ్రూపు ఫోటోలో చివర నిలబడేది అలిగే చుట్టాలే కాబట్టి ప్రతిసారీ గొడవే.

8×12 అడిగితే ఎవరూ పోరు. ఫ్రేము 8×10 ముందే కొనేసి ఉంటే, ఫోటో మొత్తాన్ని 10 అంగుళాల వెడల్పుకు కుదించి వేయమనండి. పైనా కిందా ముప్పావు అంగుళానికి కొంచెం తక్కువ తెల్ల పట్టీ వస్తుంది, అంతే. ఆర్డరు చీటీ మీద ‘కత్తిరించకుండా’ అని మీ చేత్తోనే రాసి ఇవ్వండి. కౌంటర్‌లో నోటితో చెప్పింది లోపల మిషను దగ్గరున్న కుర్రాడి దాకా చేరదు.